పోటీకి కుక్కపిల్ల: హాస్టల్‌కి పంపాలా, ట్రైనర్ని పిలవాలా, మనమే నేర్పాలా?

చలికాలంలో ఒక ఆదివారం కుక్కలున్నవాళ్లమంతా కలిసి సరదాగా ఒక పోటీ పెట్టుకుందామని మా కాలనీలో అనుకున్నప్పుడు మా ఉలవకి మూడు నెలలు. ఉలవ మా కుక్కపిల్ల. అనంతపురం పాతూరులో ఒక తోపుడు బండి కింద దొరికింది. ఒళ్లంతా ఉలవల రంగు, అందుకే మా పాప ఆ పేరు పెట్టింది. దీన్ని కూడా పోటీకి తెస్తున్నానంటే ఎదురింటాయన నవ్వాడు. "ఏమప్పా, నాటుకుక్కకి గూడా ట్యూషనా?" అన్నాడు. ఆయనది లాబ్రడార్. అప్పటికే దానికి హాస్టల్ మాట్లాడేసుకున్నాడు.

ట్రైనింగ్ ఇప్పించే దారులు మా ఊళ్లో ఎవరిని అడిగినా నాలుగే చెబుతారు. కుక్కను నెలా రెండు నెలలు ట్రైనర్ దగ్గరే వదిలేయడం, ట్రైనర్ని ఇంటికి పిలిపించుకోవడం, బెంగళూరు వెళ్లి క్లాసులో చేర్చడం, ఫోన్లో వీడియోలు చూసి మనమే నేర్పడం. నాలుగింటినీ ఎంతో కొంత దగ్గరనుంచి చూశాను కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. సరదా పోటీ అయితే కుక్కను ఎక్కడికీ పంపకండి. వారానికి ఒకటి రెండుసార్లు ఇంటికొచ్చి మీకు నేర్పే ట్రైనర్ని పెట్టుకోండి, మిగతా రోజులు మీరే పూటకు ఐదేసి నిమిషాలు చేయించండి. అలాంటి ట్రైనర్ దొరక్కపోతే మీరొక్కరే చేసినా పెద్ద నష్టం లేదు. పోటీలో తాడు పట్టుకుని నిలబడాల్సింది మీరే కదా.

హాస్టల్ సంగతి

మనం హాస్టల్ అంటున్నది ఇదే: కుక్కను వదిలేసి వస్తాం, నేర్పించి అప్పజెబుతారు. ఉద్యోగాలున్న ఇళ్లలో ఇది ఎందుకు నచ్చుతుందో నాకు అర్థమవుతుంది. డబ్బు కడితే పని అయిపోతుంది, చొక్కాకి బొచ్చు అంటదు.

ఎదురింటి లాబ్రడార్ నెలన్నర తర్వాత తిరిగొచ్చింది. దింపడానికి వచ్చిన ట్రైనర్ గేటు దగ్గర నిలబడి "సిట్" అంటే టక్కున కూర్చుంది, "డౌన్" అంటే పడుకుంది. వీధంతా చప్పట్లు. ఆయన బండెక్కి వెళ్లిపోయాక యజమాని "సిట్" అన్నాడు. కుక్క ఆయన మొహం చూసింది, మునగచెట్టు మీది కాకిని చూసింది, లోపలికి వెళ్లిపోయింది. దాన్ని తప్పు పట్టడానికి లేదు. కుక్క మాటను మాటగా ఒక్కటే నేర్చుకోదు. ఎవరు అన్నారు, ఎక్కడ అన్నారు, అన్నప్పుడు ఎలా నిలబడ్డారు, చేయి ఎటు కదిలింది, అన్నీ కలిపి ఒక మూటగా కట్టుకుంటుంది. ఆ మూటలో మీరు లేకపోతే మీ దగ్గర మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. వాళ్లకి అదే జరిగింది. పైగా చెవుల వెనక పిడుదులతో వచ్చింది, వారానికే జ్వరం. మన వాతావరణంలో పిడుదుల జ్వరం చిన్న విషయం కాదు. తిండి మానేసి చిగుళ్లు పాలిపోయాయంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

నాకు ఇంకా పెద్ద అభ్యంతరం వయసు గురించి. కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా ఒప్పుకునే కాలం సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. ఆటో హారన్, కుక్కర్ విజిల్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, బురఖా వేసుకున్న ఆవిడ, వీల్‌చెయిర్, టపాసులు, వీటన్నిటితో అప్పుడే స్నేహం కుదరాలి. ఆ వయసులో ఒక షెడ్డులో బోనులో ఉంటే ఆ అవకాశం పోతుంది. తర్వాత నేర్పలేమని కాదు, పది రెట్లు ఓపిక కావాలి.

అక్కడ ఎలా నేర్పుతున్నారో మనకు కనబడకపోవడం మరో గొడవ. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గుంజడం, అరవడం లాంటి పద్ధతులు వాడే స్కూళ్ల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ట్రైనింగ్ తర్వాత వాటి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా పెరిగింది. అమెరికాలో జంతువుల ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2021లో ఇంకా సూటిగా చెప్పింది: ఏ కుక్కకైనా బహుమతితో నేర్పే పద్ధతే వాడండి అని.

మీరు నెల రోజులు ఊళ్లో ఉండకపోతే, కుక్క ఆరు నెలలు దాటితే, ఎప్పుడు వెళ్లినా లోపలికి రానిస్తే హాస్టల్ గురించి ఆలోచించండి. చివరి వారం రోజులు మిమ్మల్ని పక్కన పెట్టుకుని చేయించాలని ముందే మాట తీసుకోండి. అందుకు ఒప్పుకోనివాడికి అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇంటికొచ్చే ట్రైనర్

నాకు మొదట దొరికిన ట్రైనర్ స్టీలు గొలుసు తెచ్చాడు, మెడకు బిగుసుకునే రకం. "చిన్నప్పుడే భయం పెట్టాల సార్, లేకపోతే నెత్తికెక్కుతాది" అన్నాడు. మూడో రోజుకి ఆయన బైకు చప్పుడు వినగానే ఉలవ నిలబడ్డచోటే రెండు చుక్కలు పోసేసింది. క్లాసు ఆపేశాను. కట్టిన డబ్బులో సగం వెనక్కి రాలేదు, దాని గురించి ఇప్పుడెందుకు.

రెండో ఆయన మొదటి రోజు కుక్కను ముట్టుకోనే లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని "మీరు చేయించండి సార్, చూస్తా" అన్నాడు. నేను "స్టే" అన్నాను, ఉలవ లేచింది. మళ్లీ అన్నాను, మళ్లీ లేచింది. నాలుగోసారి ఆయన నవ్వి, "మీ మాటకి లేయడంలేదు సార్. మీ చెయ్యి జేబు దిక్కు పోయినప్పుడు లేస్తా ఉంది" అన్నాడు. నిజమే. బహుమతి ముక్క తీయడానికి చేయి జేబులోకి వెళ్లిందంటే పని అయిపోయినట్టేనని దాని లెక్క. ముక్కను ముందే గుప్పిట్లో పట్టుకుని చేయి వెనక పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే పది సెకన్లు కూర్చుంది. ఇలాంటిది వీడియో చూస్తే తెలియదు. పక్కన ఇంకొక మనిషి కన్ను ఉండాలి.

ట్రైనర్ని మాట్లాడుకునేటప్పుడు ఫీజు కంటే ముందు నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారు? "ఒక మెట్టు కిందికి దిగి సులువుగా అడుగుతా, దూరం తగ్గిస్తా, బహుమతి ఇవ్వను" లాంటి జవాబు వస్తే మంచిది. "చూపిస్తా ఉండండి" అని మెడ పట్టీ గుంజితే చాయ్ ఇచ్చి పంపించేయండి. పోలీసు కుక్కలకు నేర్పానని చెప్పుకునేవాళ్లు కూడా తగులుతారు. ఆ అనుభవం గొప్పదే, కానీ మీరు పెంచుతున్నది దొంగల్ని పట్టే కుక్కను కాదు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వాళ్లూ చెప్పాల్సిందే. ఫీజు విషయంలో మొత్తం ప్యాకేజీ కంటే క్లాసుకింత అని మాట్లాడుకోవడం మేలు. నచ్చకపోతే మూడో రోజే దండం పెట్టొచ్చు.

బెంగళూరు క్లాసు, ఫోన్ వీడియో

బెంగళూరు మనకు 200 కిలోమీటర్ల పైచిలుకు, కారులో దాదాపు నాలుగు గంటలు. అక్కడ పదీ పదిహేను కుక్కలతో కలిపి చేయించే క్లాసులు బాగుంటాయి, వేరే కుక్కల మధ్య ప్రశాంతంగా ఉండటం అక్కడే బాగా వస్తుంది. కానీ వారం వారం కుక్కపిల్లను కారులో తిప్పితే వాంతులతోనే సగం రోజు పోతుంది. పోటీకి నెల ముందు ఒకసారి వెళ్లొస్తే చాలు.

వీడియోలు చూసి మీరే నేర్పుతానంటే, ఫోన్ను చూడటానికి ఎంత వాడతారో మిమ్మల్ని తీయడానికి అంత వాడండి. కిటికీలో ఆనించి మీ ఐదు నిమిషాల క్లాసు రికార్డు చేసుకుని రాత్రి చూడండి. నా జేబు లాంటి తప్పులు మీకూ కనబడతాయి. ఏం నేర్పాలో తోచకపోతే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989లో మొదలుపెట్టిన 'కెనైన్ గుడ్ సిటిజన్' పరీక్షలోని పది అంశాలే సిలబస్‌గా పెట్టుకోండి. కొత్త మనిషి పలకరిస్తే మీద పడకపోవడం, తాడు వదులుగా ఉంచి నడవడం, జనం మధ్యలోంచి పోవడం, పిలిస్తే రావడం, ఇంకో కుక్క ఎదురైనా పట్టించుకోకపోవడం, మీరు కనబడకపోయినా మూడు నిమిషాలు గోల చేయకుండా ఉండటం, ఇలాంటివి. సరదా పోటీల్లో అడిగేవి దాదాపు ఇవే.

'రా' అనే మాటతో వచ్చిన తంటా

మాటలు తెలుగులో నేర్పాలా, ఇంగ్లీషులోనా? ట్రైనర్లంతా సిట్, స్టే, కమ్ అంటారు. కుక్కకు ఏ భాషైనా ఒకటే. అయితే ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి. మా పాప "సిట్" అనేది, నేను "కూర్చో" అనేవాణ్ని, మా అమ్మ "కూచో నాయనా, కూచో కూచో" అని నాలుగుసార్లు అనేది. ఉలవ కొన్నాళ్లు నాలుగోసారి అన్నాకే కూర్చునేది, మా అమ్మ లెక్క ప్రకారం. చివరికి ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఒక్కో పనికి ఒక్కో మాట ఖాయం చేశాం.

అందులో మేము చేసిన పొరపాటు 'రా'. పిలవడానికి అంతకంటే చిన్న మాట ఏముందని పెట్టాం. కానీ తెలుగింట్లో 'రా' ఎన్నిసార్లు వినబడుతుందో ఒక రోజు లెక్కపెట్టండి. ఏంట్రా, తినరా, ఆగరా, వద్దురా, పోరా. 'పోరా'లో కూడా 'రా' ఉంది! రోజంతా చెవిలో పడుతూ ఏ ఫలితమూ ఇవ్వని మాటకు కుక్క దగ్గర విలువ పోతుంది. ఒక్కోసారి తనను పిలవకపోయినా పిలిచారనుకుంటుంది. పోటీ రోజు స్టే రౌండులో ఉలవ ముప్పై ఐదు సెకన్లు బొమ్మలా కూర్చుంది. సరిగ్గా అప్పుడు మైకులో ఎవరో "ఒరేయ్ చిన్నా, కుర్చీలు ఇటు తీసుకురారా" అన్నారు. లేచి మైకు దగ్గరికి పరిగెత్తింది.

కాబట్టి పిలవడానికి 'కమ్' గానీ 'ఇటు' గానీ వాడండి, లేదా విజిల్ కొనండి. మైదానంలో విజిల్ దూరానికి వినబడుతుంది, మన కోపం అందులో తెలియదు. కూర్చోడానికి తెలుగు మాటే పెట్టుకోవచ్చు. 'స్టే'కి 'ఆగు' బాగుంటుంది, పొట్టి మాట. పని సరిగ్గా చేసిన క్షణాన్ని చెప్పే మాట కూడా ఒకటి కావాలి. 'శభాష్' అనేలోపే కుక్క లేచిపోతోందని మేము 'ఎస్' పెట్టుకున్నాం. క్లిక్కర్ అనే చిన్న పరికరం దీనికోసమే అమ్ముతారు, అది లేకపోతే టక్కుమనే బాల్‌పెన్ను చాలు. పిలిచి తిట్టడం, పిలిచి స్నానానికి లాక్కెళ్లడం మాత్రం వద్దు. వాటికి మనమే దాని దగ్గరికి పోవాలి.

బహుమతి ముక్కలు

ఇక్కడ షాపు బిస్కెట్లకీ ఇంటి ముక్కలకీ పోటీ పెడితే నేను ఇంటివైపే. పావుకిలో చికెన్ లివర్ తెచ్చి, ఉప్పు, పసుపు, ఉల్లిపాయ ఏదీ వేయకుండా ఉడికించి, చల్లారాక శెనగ గింజంత ముక్కలు కోయండి. రెండు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో ఉంచి మిగతాది ఫ్రీజర్‌లో పెట్టండి. ముక్క చిన్నగా ఉండటం ముఖ్యం. నమిలి తినే సైజు ఇస్తే అది తినేలోపు మనం ఏం అడిగామో మర్చిపోతుంది, పైగా పది సార్లకే కడుపు నిండుతుంది. జేబులో వేసుకున్న రోజు చొక్కా ఎవరు ఉతకాలనే దానిమీద మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ఇప్పుడు చిన్న స్టీలు డబ్బా, దానికో మూత.

శాకాహారులైతే పనీర్ ముక్కలు, ఉడికిన చిలగడదుంప. గుడ్డు తినే ఇల్లయితే ఉడికిన గుడ్డు. మన శెనక్కాయలు ఉప్పులేనివి, వేయించినవి నాలుగైదు ఇస్తే తప్పులేదు, కొవ్వు ఎక్కువ కాబట్టి అంతకు మించొద్దు. పీనట్ బటర్ కొంటే సీసా మీద జైలిటాల్ అని, చక్కెర బదులు వేసే తీపి పదార్థం, ఉందేమో చూడండి, అది కుక్కలకు విషం. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, ఉడికించిన కోడి ఎముకలు అసలు వద్దు. ప్రసాదంలో కిస్‌మిస్ ఉంటుందని మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు పండగలు పట్టింది. ఈ చిరుతిండి మొత్తం కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

మెడ పట్టీ, తాడు

మామూలు నైలాన్ పట్టీ చాలు, రెండు వేళ్లు దూరేంత వదులుగా. ముందుకు బాగా లాగే పిల్లలకు ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్ మేలు. గొలుసు వద్దు, బటన్ నొక్కితే సాగే తాడు కూడా వద్దు. ఆ సాగే తాడు లాగితే పొడవొస్తుందని కుక్కకు నేర్పుతుంది. నడకకు ఐదారు అడుగుల తాడు తీసుకోండి. పిలిస్తే వచ్చే అభ్యాసానికి ముప్పై అడుగుల తాడు కావాలి. పెట్ షాపులో దాని ధర విని, పశువుల పలుపులూ పగ్గాలూ అమ్మే అంగడిలో నూలు తాడు కొని కొస హుక్కు కట్టించాను. దాన్ని హార్నెస్‌కే తగిలించాలి, మెడ పట్టీకి తగిలిస్తే పరుగులో మెడ గుంజుకుంటుంది.

ఎప్పుడు, ఎక్కడ

టీకాల కోర్సు సుమారు ఆరేడు వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాల తేడాతో, పదహారో వారం దాకా నడుస్తుంది. రేబీస్ సూది మూడు నెలలప్పుడు. కోర్సు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దించకూడదు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. అలాగని ఇంట్లో దాచేస్తే పైన చెప్పిన స్నేహాల కాలం దాటిపోతుంది. మేము చేసింది మధ్యేమార్గం. సాయంత్రాలు ఉలవను చంకనెత్తుకుని సప్తగిరి సర్కిల్ దాకా వెళ్లి ఒక అంగడి మెట్ల మీద పావుగంట కూర్చునేవాళ్లం. బస్సు హారన్ మోగగానే ఒక ముక్క, లారీ పోగానే ఒక ముక్క. రెండు వారాలకు హారన్ వినగానే నా డబ్బా వైపు చూడటం మొదలుపెట్టింది.

అభ్యాసం ముందు హాల్లో, తర్వాత మిద్దె మీద, తర్వాత వీధిలో, చివరికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ లాంటి చోట. చోటు మారిన ప్రతిసారీ ఒక తరగతి కిందికి దిగి మొదలుపెట్టాలి. హాల్లో నిమిషం కూర్చున్న కుక్క గ్రౌండులో ఐదు సెకన్లు కూర్చుంటే అది పాసైనట్టే.

మన ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలో పొద్దున ఏడులోపు, సాయంత్రం ఆరున్నర తర్వాతే. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క కాళ్లకూ అది పెనమే. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు, ఒగర్చే ఒంటిని చల్లబరుచుకుంటుంది. పగ్ లాంటి చట్టి ముక్కువాటికి అదీ కష్టమే. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే ఒళ్లు 105 దాటి, తూలుతూ, చొంగ కారుస్తుంటే మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాన్ వేసి, అలాగే ఆసుపత్రికి పరిగెత్తండి.

ఏ పోటీలో దింపాలి

జాతి కుక్కల అందం చూసే రింగు ఉంటే, అది నేర్పితే గెలిచేది కాదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896 నుంచీ ఉంది. అలాంటి క్లబ్బుల పెద్ద షోలలో జాతి లక్షణాలకు కుక్క ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. ముధోల్ హౌండో, లాబ్రడారో ఉన్నవాళ్లకు దాని మీద మనసుంటే నోరు తెరిచి పళ్లు చూపించడం, కొత్త మనిషి ఒళ్లంతా తడిమినా కదలకుండా నిలబడటం చిన్నప్పటినుంచే అలవాటు చేయాలి. ఇది పోటీ లేకపోయినా డాక్టరు దగ్గర పనికొస్తుంది.

హర్డిల్స్ దూకించే పోటీలకు ఏడాదిలోపు పిల్లల్ని దించకండి. పెద్ద జాతులకు ఎముకల కొసలు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గట్టిపడుతూనే ఉంటాయి. పరుగు పందెం సరదాగా ఉంటుంది, కానీ అందరూ ఒకేసారి అరిచే గోలలో పిరికి పిల్ల బెదిరిపోతుంది. ఫ్యాన్సీ డ్రెస్ మన పిల్లల ముచ్చట, కుక్కది కాదు. ఎండలో పట్టులంగా వేసిన పగ్‌ని చూసి నాకే ఊపిరాడలేదు. మొదటిసారికి సిట్-స్టే, లేదా పిలిస్తే వచ్చే పోటీ పెట్టుకోండి. ఆరు నెలలు దాటాక దించితే చాలు. ఆ వయసులో ఒకటి రెండు వారాలు నేర్పినవన్నీ మర్చిపోయినట్టు నటిస్తుంది. టెన్షన్ పడకుండా మళ్లీ హాల్లోంచి మొదలుపెట్టండి.

మైకు దెబ్బతో ఉలవ స్టేలో ఓడిపోయింది. పిలిస్తే వచ్చే రౌండులో లాబ్రడార్ దారిలో బోండాల ప్లేటు దగ్గర ఆగిపోతే, ఉలవ నేరుగా నా కాళ్ల దగ్గరికొచ్చి కూర్చుంది. రెండో బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చారు. ఇప్పుడు ఎదురింటాయన సాయంత్రం ఆరున్నరకి లివర్ డబ్బా పట్టుకుని మా మిద్దె మీదికి వస్తున్నాడు. నిన్న కూడా కుక్కని "ఇటు రారా" అనే పిలిచాడు.